బాయిలర్ అడుగు రింగు దగ్గర నీళ్లు చెమరుస్తున్నాయి, వెండి టంకం పారట్లేదు. ఏం చెయ్యమంటారు?

బెజవాడ_బాయిలర్:

అందరికీ నమస్కారం. మూడున్నర అంగుళాల గేజిలో (పట్టాల మధ్య దూరం) ‘టిచ్’ ఇంజిన్ కడుతున్నాను. ఎల్‌.బి.ఎస్‌.సి. అనే కలం పేరుతో రాసిన ఇంగ్లండ్ ఆయన డ్రాయింగులు. నాలుగే చక్రాలు, పక్కన నీళ్ల ట్యాంకులు. చూడ్డానికి బొమ్మే, కానీ నిజంగా బొగ్గేసి మంట పెట్టాలి, నిజం ఆవిరి మీదే నడవాలి (80 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి 80 పౌండ్ల ఒత్తిడి), నన్ను వెనక బండి మీద కూర్చోబెట్టుకుని లాగాలి. (నా బరువు 84 కిలోలు. మా ఆవిడకి ఈ ఒక్క విషయంలోనే అనుమానం.)

కారు పెట్టుకోవాల్సిన షెడ్డులో సెకండ్ హ్యాండ్ రాజ్‌కోట్ లేత్ ఉంది. కారు వీధిలో ఉంటుంది. ఛాసిస్, సిలిండర్లు, వాల్షార్ట్స్ గేర్ (సిలిండర్లలోకి ఆవిరి వదిలే వాల్వుల్ని కదిపే కడ్డీలు) అన్నీ అయ్యాయి. కంప్రెసర్ గాలి పెడితే 15 పీఎస్‌ఐకే చక్రాలు తిరిగాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు బాయిలర్ దగ్గర ఇరుక్కుపోయాను. మూడంగుళాల రాగి గొట్టం, ప్లేట్లు రాగి రేకే. అంచులు మడవడానికి ఇనప దిమ్మ మీద కొట్టాను. నాలుగు దెబ్బలకే రాగి బిగుసుకుపోతుంది, మళ్లీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచాలి. ఒక్క ముందు ప్లేటుకే ఏడుసార్లు కాల్చాను. అతుకులన్నీ 55 శాతం వెండి ఉన్న రాడ్డుతో వేశాను. మొదట్లో వేసినవి బాగానే వచ్చినట్టున్నాయి. అన్నిటికన్నా ఆఖరుది, ఫైర్‌బాక్స్ (బొగ్గు మండే పెట్టె) అడుగున చుట్టూ వచ్చే రింగు అతుకు, కుదరలేదు. రాడ్డు కరిగింది కానీ సందులోకి దిగలేదు. పాదరసంలా గుండ్రంగా ముద్దకట్టి రింగు మీద దొర్లింది.

అన్ని రంధ్రాలకీ ప్లగ్గులు బిగించి నీళ్లు నింపి హ్యాండ్ పంపుతో ఒత్తిడి పెట్టాను. 30 పీఎస్‌ఐకే రింగు ఎడమ మూల చెమట పట్టినట్టు చిన్న చిన్న బొట్లు. వెనకవైపు ఇంకోచోట సన్నగా కారుతోంది. ఫొటో జతచేశాను.

ఫ్లక్సుగా (టంకం పారడానికి రాగిని శుభ్రంగా ఉంచే మందు) వెలిగారం వాడాను. మా వీధి చివర బంగారం పని చేసే పెద్దాయన రాతి మీద నీళ్లతో అరగదీసి ఇచ్చాడు. మంట కూడా ఆయన దగ్గర తెచ్చిన చిన్న టార్చే, దానికి ఐదు కిలోల గ్యాస్ సిలిండర్.

మూడు ప్రశ్నలు. కారే చోట మామూలు సీసం టంకం పూసేస్తే సరిపోతుందా? లీకులు ఇంకెక్కడున్నాయో తెలియడానికి టైరు షాపు కంప్రెసర్‌తో గాలి నింపి సబ్బు నురగ రాస్తే ఎలా ఉంటుంది? లేదా ఆటోనగర్‌లో గ్యాస్ వెల్డింగ్ అతనికి ఇచ్చేయనా?

సెట్టుబాటు (హైదరాబాద్):

నాలుగు రోజులు టెన్షన్ పడి ఎపాక్సీ ముద్ద పెట్టేయండి బ్రదర్. మా వాటర్ ట్యాంకుకి మూడేళ్ల నుంచి ఉంది.

కూకట్‌పల్లి_లేత్:

పైన చెప్పింది నమ్మొద్దు. వాటర్ ట్యాంకులో 80 పీఎస్‌ఐ ఆవిరి ఉండదు.

అన్నా, మీ తప్పు చేతి పనిలో లేదు, వెలిగారంలో ఉంది. వెలిగారం కరిగి పల్చగా పారాలంటే 740 డిగ్రీలు దాటాలి. మీ 55 శాతం రాడ్డు 630 నుంచి 660 మధ్యే కరిగిపోతుంది. అంటే రాడ్డు కరిగే వేళకి ఫ్లక్సు ఇంకా పొంగి తెల్లగా బూరులా కూర్చుని ఉంది, రాగి మీది మసి (కాలితే పట్టే ఆక్సైడ్ పొర) అలాగే ఉంది. మసి మీద వెండి పారదు, ముద్దకడుతుంది. మీరు చూసిన పాదరసం అదే. బంగారం పనివాళ్ల టంకం ఎక్కువ వేడికి కరిగే రకం, వస్తువు చిన్నది, వాళ్లకి వెలిగారం సరిగ్గా సరిపోతుంది. పెద్దాయన మోసం చెయ్యలేదు, ఆయన పని వేరు. మీకు కావలసింది ఫ్లోరైడ్ ఫ్లక్సు. 550 దగ్గరే పనిచెయ్యడం మొదలుపెడుతుంది. ‘తక్కువ వేడి సిల్వర్ బ్రేజింగ్ ఫ్లక్స్’ అని అడగండి. షెడ్డు తలుపులు బార్లా తీసి పెట్టండి, ఆ పొగ పీల్చకూడదు. రాడ్డు ప్యాకెట్ మీద కాడ్మియం ఉందేమో కూడా చూసుకోండి. ఉంటే పక్కన పడేయండి, ఎంత ఖరీదైనా సరే.

రెండో సంగతి వేడి. రాగి వేడిని దాచుకోదు, చివరి దాకా లాగేస్తుంది. చిన్న టార్చ్ ఒక మూల కాలుస్తుంటే రెండో మూల ఇంకా చల్లగానే ఉంటుంది. అది వేడెక్కేలోపు మొదటి మూలలో ఫ్లక్సు మాడి నల్లటి గాజులా అయిపోతుంది. ఐదు కిలోల సిలిండర్ కూడా చాలదు. పెద్ద బర్నర్ పెడితే సిలిండర్ బయట మంచు పట్టి, సరిగ్గా రాడ్డు పారే వేళకి మంట నీరసపడుతుంది. నాకు రెండుసార్లు జరిగింది, రెండోసారి నోటికొచ్చింది తిట్టుకున్నాను. 19 కిలోల కమర్షియల్ సిలిండర్, హై ప్రెషర్ రెగ్యులేటర్, బొటనవేలంత బర్నర్ తెచ్చుకోండి. బాయిలర్ చుట్టూ ఇన్సులేషన్ ఇటుకలు పేర్చండి, చేత్తో ఎత్తితే థర్మాకోల్ అనిపించేవి. గోడ ఇటుకలు పెడితే మీ వేడంతా అవే తాగేస్తాయి.

ఆటోనగర్‌కి ఇవ్వొద్దు. ఆక్సిజన్ మంట సూదిలా ఒక్కచోట పడుతుంది. రోజూ ఇనుము అతికే చేతికి రాగి ఎప్పుడు కరిగిపోతుందో తెలియదు. రేకుకి చిల్లు పడ్డాక మళ్లీ ఏడుసార్లు కాల్చుకోవాలి.

సీసం టంకం మాత్రం పొరపాటున కూడా వద్దు. అది కరిగేది 183 డిగ్రీలకి. 80 పీఎస్‌ఐ ఆవిరే 162 డిగ్రీలు ఉంటుంది, మధ్యలో మిగిలింది ఎంతో చూసుకోండి. అంతకన్నా పెద్ద నష్టం, ఒకసారి సీసం దిగిన సందులో మళ్లీ వెండి అతుకు నిలబడదు. బాయిలర్ మొత్తం తీసిపారేయాలి.

గుంతకల్లు_స్టీమ్‌షెడ్:

నాయనా, నేను మీటర్ గేజి లోకోషెడ్డులో బాయిలర్ ఫిట్టర్‌గా చేసినాను. మా వైపీ రకం రైలింజిన్ల ఒత్తిడి 210 పౌండ్లు. నీది 80. అయినా రెండిట్లో ఉండేది ఒకటే ఆవిరి.

గాలితో పరీక్ష అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగిపోయినా. నీళ్లు నొక్కితే నలగవు. అతుకు విడిపోతే టప్పుమని ఓ చెంచాడు నీళ్లు చింది గేజి ముల్లు కిందికి పడిపోతుంది, అంతే. గాలి అట్లా కాదు, స్ప్రింగు మాదిరి దాచుకుంటుంది. విడిపోయిందంటే రాగి ముక్క నీ మొహానికి వస్తుంది. షెడ్డులో మేము ఎప్పుడూ నీళ్లతోనే చేసినాము. నింపేటప్పుడు బాయిలర్‌ను పక్కకి వంచి పైన ప్లగ్గు వదులు చేసి గాలి బుడగ లేకుండా పంపించు. బుడగ మిగిలితే అదే స్ప్రింగు.

ఇంకోటి. మా ఇంజిన్లలో స్టే బోల్టులకి (లోపలి రేకునీ బయటి రేకునీ కలిపి పట్టే కడ్డీలు) నడిమధ్యన సన్నని రంధ్రం వేసి ఉంటుంది. లోపల బోల్టు విరిగితే ఆ రంధ్రంలోనుంచి ఆవిరి చిమ్మి చెప్పేస్తుంది. నీ చిన్న బాయిలర్‌కి అట్లాంటి సౌకర్యం లేదు. కాబట్టి ఒత్తిడి ఎక్కించినాక ఫైర్‌బాక్స్ పక్క రేకులకి స్కేలు ఆనించి చూడు. రేకు ఉబ్బి, ఒత్తిడి దించినాక కూడా వెనక్కి రాలేదంటే లోపల స్టే అతుక్కోలేదని.

బుష్‌లు (వాల్వులు బిగించే మర రింగులు) దేంతో చేసినావు? ఫొటోలో పచ్చగా కనపడుతున్నాయి.

బెజవాడ_బాయిలర్:

పెద్దాయనా, మీ కన్ను గొప్పది. గన్‌మెటల్ (ఒక రకం కంచు, బ్రాంజ్) అని చెప్పి కడ్డీ అమ్మిన షాపువాడు ఇత్తడి అంటగట్టాడు. తిప్పేటప్పుడే రంగు చూసి అనుమానం వచ్చింది, బిల్లు మీద గన్‌మెటల్ అని రాసుంది కదా అని ఊరుకున్నాను. ఇత్తడయితే ఏమవుతుంది?

డెర్బీ_తెలుగు:

ఇత్తడిలో జింకు ఉంటుంది. వేడి నీళ్లలో ఏళ్ల తరబడి ఉంటే ఆ జింకు మెల్లగా కరిగిపోయి లోపల స్పాంజిలా గుల్ల రాగి మిగులుతుంది. బయటికి బాగానే కనిపిస్తుంది, సేఫ్టీ వాల్వు బిగించిన మర ఒకరోజు ఊడొస్తుంది. ఎలాగూ మళ్లీ వేడి చేస్తున్నారు కదా, ఎర్రబడ్డప్పుడే ఆ బుష్‌లు తట్టి తీసేసి ఫాస్ఫర్ బ్రాంజ్‌వి పెట్టండి.

ఇంగ్లండ్‌లో మా క్లబ్బులో కొత్త బాయిలర్‌కి మొదటి పరీక్ష పనిచేసే ఒత్తిడికి రెట్టింపుతో, నీళ్లతోనే. మీకయితే 160. తర్వాత పరీక్షలన్నీ ఒకటిన్నర రెట్లు, అంటే 120. ఆ పైన ఆవిరి పరీక్ష. మంట పూర్తిగా ఎగదోసి, బ్లోయరు (మంటకి గాలి లాగే ఆవిరి జెట్) తెరిచి, సేఫ్టీ వాల్వులు ఎగిరాక చూడాలి. ఒత్తిడి 80కి పది శాతం మించి పెరగకూడదు, 88 దాటిందంటే వాల్వు చిన్నదయినట్టు. ముందు మీ ప్రెషర్ గేజిని ఇంకో నమ్మకమైన గేజి పక్కన పెట్టి సరిచూసుకోండి. మా క్లబ్బులో ఒకాయన గేజి 20 తక్కువ చూపించేది, ఆయన ఏడాదిగా అదే నమ్మి నడిపాడు.

మన దేశంలో బాయిలర్ చట్టం 25 లీటర్ల లోపు వాటి జోలికి రాదు. మీది మహా అయితే ఒక లీటరు. అంటే చూడ్డానికి ఇన్‌స్పెక్టరు ఎవరూ రారు, మీ ఇన్‌స్పెక్టరు మీరే. పరీక్ష రోజు పక్కన ఇంకొకరిని పెట్టుకుని ముల్లు చదివించండి. కట్టినవాడి కన్ను తన బాయిలర్ మీద కాస్త జాలిగా ఉంటుంది.

బెజవాడ_బాయిలర్ (మూడు వారాల తర్వాత):

ఆలస్యానికి క్షమించండి. ఫ్లక్సు దొరకడానికే వారం పట్టింది. పాత వెలిగారం గాజుని వేడి నీళ్లలో నిమ్మ ఉప్పు వేసి రెండు రోజులు నానబెట్టి వదిలించాను. కింద రాగి సాల్మన్ చేప రంగులో బయటపడింది.

కొత్త బర్నర్‌తో బాయిలర్ మొత్తం ఒకేసారి మసకెరుపుకి వచ్చింది. ఫ్లక్సు ముందు తెల్లగా పొంగి, తర్వాత చదునై, చివరికి నీళ్లలా పారదర్శకం అయింది. రాడ్డు ఆనించగానే గీత గీసినట్టు రింగు చుట్టూ పరుగెత్తింది. ముందుసారి పది నిమిషాలు పోట్లాడిన చోట పది సెకన్లు కూడా పట్టలేదు. ఇత్తడి బుష్‌లు అప్పుడే తీసేశాను, బ్రాంజ్‌వి మర్నాడు అతికాను.

నీళ్ల పరీక్షకి ముల్లు చదవడానికి మా ఆవిణ్ణి కూర్చోబెట్టాను. 110 దగ్గర ఒక స్టే తల పక్కన బొట్టు కనిపించింది. నేను “అది ప్లగ్గు నుంచి జారిందిలే” అన్నాను. ఆవిడ తుడిచింది, మళ్లీ వచ్చింది. దించి, మళ్లీ కాల్చి, ఆ ఒక్కటీ సరిచేశాను. నిన్న 160 దగ్గర అరగంట ఉంచాం, ముల్లు కదల్లేదు, స్కేలు ఆనించి చూస్తే పక్క రేకులు నిటారుగా ఉన్నాయి.

పెద్దాయనా, ఒక్క సందేహం. మా బోరు నీళ్లు మరీ ఉప్పు, గీజరే రెండేళ్లకి పోయింది. దీంట్లో ఏ నీళ్లు పొయ్యాలి?

గుంతకల్లు_స్టీమ్‌షెడ్:

వాన నీళ్లు పట్టుకో. లేదంటే ఏసీ నుంచి కారే నీళ్లు గుడ్డలో వడగట్టి పొయ్యి. బోరు నీళ్లు పోస్తే గొట్టాల చుట్టూ సున్నం పేరుకుంటుంది, నీ బాయిలర్‌లోకి చెయ్యి దూర్చి గోకేదానికి లేదు.