డొంక, పుంత, బాట: మా మూడిళ్ల దారికి ఏ పేరు పెట్టాలి?

మొదటి పోస్టు, టెక్సాస్ నుంచి

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన, సిటీ హద్దు దాటిన చోట కొంత పొలం కొని ఇల్లు కట్టుకున్నాం. కౌంటీ (మన జిల్లా లాంటిది) రోడ్డు నుంచి చీలి లోపలికొచ్చే కంకర దారి మాది. ఇన్నాళ్లూ ఆ దారిలో రెండిళ్లే ఉండేవి, మాది మూడోది. ఒక దారి మీద మూడిళ్లు పడితే దానికి అధికారికంగా పేరుండాలని మా కౌంటీ నిబంధన. ఇళ్లవాళ్లంతా కలిసి మూడు పేర్లు వరసగా రాసి, సంతకాలు పెట్టి పంపమన్నారు. ఆఖరికి కమిషనర్స్ కోర్టు ఒకటి ఖాయం చేస్తుంది. కోర్టు అన్నానని కంగారు పడకండి. టెక్సాస్‌లో కౌంటీ పాలకవర్గాన్ని అలాగే అంటారు. కౌంటీ జడ్జి, నలుగురు కమిషనర్లు కూర్చునే సభ అది.

మిగతా రెండిళ్లలో ఒకటి పెద్దాయనది, ఒకటి ఆయన కూతురిది. "కొత్తగా వచ్చింది మీరు, మీ భాషలో పేరైనా మాకు ఇష్టమే" అన్నారు. ఆ మాటకు నిజంగా కదిలిపోయాను. అందుకే ఏదో ఒకటి రాసి పంపడం ఇష్టం లేక మీ దగ్గరికి వచ్చాను.

నియమాలు ఇవీ: ఆ పేరు కౌంటీలో మరెక్కడా ఉండకూడదు. ఉన్న పేరులాగా వినిపించకూడదు. అక్షరాల మధ్య గీతలూ చుక్కలూ ఉండకూడదు. బోర్డు మీద పట్టాలి. ఫోన్లో ఒకసారి చెబితే 911లో (ఇక్కడ ఆపదలో పిలిచే నంబరు) కూర్చున్నవాళ్లు తప్పు లేకుండా రాసుకోగలగాలి.

ఇక దారి సంగతి. రెండు పక్కలా బోడార్క్ చెట్లు. ఇనుప ముళ్లతీగ రాకముందు ఇక్కడి రైతులు కంచెకు వీటినే నాటేవారు. కొమ్మ పట్టుకుంటే చెయ్యి గీరుకుపోయే ముళ్లు. ముడతలు ముడతలుగా ఆకుపచ్చని కాయలు, ఒక్కోటి బత్తాయి కన్నా పెద్దది. దారి కాసేపు ఆ చెట్ల నడుమ మెలికలు తిరిగి, ఒక నీటిగుంట గట్టు మీదుగా పోయి ఇళ్లకు చేరుతుంది. మాది బాపట్ల వైపు. మొదటిసారి చూడగానే నా నోట వచ్చిన మాట "డొంక". ఇంతకీ డొంక అంటే పొదా, దారా? బోర్డు మీద రాయించదగ్గ మాటేనా?

తెనాలి నుంచి

రెండూనండీ. "తీగ లాగితే డొంకంతా కదిలింది" అన్నప్పుడు అది పొద. తీగ అల్లుకునేది పొదనే కదా. "డొంకతిరుగుడు మాటలు" అన్నప్పుడు అది దారి, అందులోనూ తిన్నగా పోని దారి. రెండు పక్కలా పొదలు పెరిగితే నడుమ మిగిలిన జాగాకు కూడా పొద పేరే అంటుకుని ఉంటుందని నా అభిప్రాయం. మా చిన్నప్పుడు పొలాలకు పోయే డొంకలన్నీ అలాగే ఉండేవి. ఒక పక్క నాగజెముడు, ఇంకో పక్క కిత్తనార, మధ్యలో బండి చక్రాల గాడులు. ఎదురుగా ఇంకో బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. గుంటూరులో డొంక రోడ్డు ఇప్పటికీ ఉంది. డొంక పోయింది, ట్రాఫిక్ వచ్చింది, పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది.

ఇంకో సంగతి. ఇంగ్లీషు "లేన్" కూడా మొదట్లో ఇదే. కంచెల మధ్య ఇరుకు దారినే లేన్ అనేవారు. మీరు "డొంక లేన్" అని రాస్తే ఒకే మాట రెండు భాషల్లో చెప్పినట్టు. తప్పేమీ లేదు, డొంక రోడ్డు అని మనమూ అంటున్నాం.

నాకున్న భయమల్లా ఒక్కటే. అక్కడివాళ్లు డి, ఓ, ఎన్, కె అన్న అక్షరాలు చూడగానే గాడిద మాట వైపు పోతారు. మీ పిల్లలు స్కూలు బస్సు దిగేది ఆ బోర్డు దగ్గరే. ఆ పిల్లల చెవులతో ఒకసారి విని చూడండి బాబూ.

భీమవరం నుంచి

మా గోదావరి పక్కన దీన్నే పుంత అంటామండి. పుంతరోడ్డు లేని ఊరు మా వైపు తక్కువ. పుంతలో ముసలమ్మ అని అమ్మవారు కూడా ఉందండి, దారి కాచే తల్లి. డొంక బాగోకపోతే పుంత అని పెట్టండి, పలకడానికి మెత్తగా ఉంటుంది.

టెక్సాస్ నుంచి

పుంత నాకూ ఇష్టమే. కానీ ఇక్కడ స్పానిష్ మాట్లాడేవాళ్లు చాలామంది. వాళ్లకు పుంత అంటే మొన, అంచు. అంతవరకు పర్వాలేదు. మధ్యలో ఒక్క అక్షరం జారితే మాత్రం నోరారా తిట్టే బూతు అవుతుంది. ఎర్ర అక్షరాలతో ఫారం వెనక్కి వస్తుందేమోనని వెనకాడుతున్నాను.

వెస్ట్ వర్జీనియా నుంచి

ఆలస్యంగా చూశాను, క్షమించాలి. నేనిక్కడ కొండల మధ్య ఒక చిన్న ఆస్పత్రిలో డాక్టర్ని. ఈ విషయం నాకు మనసుకు దగ్గరిది, కొంచెం వివరంగా రాస్తాను.

పల్లె ఇళ్లకు ఉత్తరాలు తెచ్చిచ్చే పద్ధతి అమెరికాలో మొదలైంది ఈ రాష్ట్రంలోనే. 1896 అక్టోబర్ 1న చార్ల్స్ టౌన్, హాల్‌టౌన్, యువిల్లా అనే మూడు ఊళ్ల నుంచి పోస్టుమాన్లు బయల్దేరారు. ఆ తర్వాత పల్లె అడ్రసంటే "రూరల్ రూట్ 2, బాక్స్ 34" లాంటిదే. రూట్ అంటే పోస్టుమాన్ తిరిగే వరస, బాక్స్ అంటే అందులో మీ డబ్బా. రోజూ అదే దారిలో పోయే పోస్టుమాన్‌కు అది చాలు. అర్ధరాత్రి అంబులెన్స్ నడిపేవాడికి దానితో ఏ ఉపయోగమూ లేదు.

911కు మొదటి కాల్ 1968 ఫిబ్రవరి 16న అలబామాలోని హేలీవిల్‌లో చేశారు. నంబరు అందరికీ వచ్చింది కానీ, ఫోన్ ఎత్తినవాళ్లు "ఎక్కడున్నారు" అంటే చెప్పడానికి పల్లెవాళ్ల దగ్గర అడ్రసు లేదు. చర్చి దాటాక ఎడమ చేతికి తిరగండి, కాలిపోయిన బడి ఉండే చోట వాగు దాటండి అని చెప్పుకునేవారు. ఆ బడి ఎక్కడుండేదో బయటి ఊరి డ్రైవర్‌కు ఎలా తెలుస్తుంది? మన దగ్గర 2005 ఆగస్టు 15న 108 మొదలయ్యాక ఊళ్లలో అందరం చేసింది కూడా ఇదే కదా. వేపచెట్టు, వాటర్ ట్యాంకు, రామాలయం చెప్పి, చివరికి ఒక మనిషిని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టేవాళ్లం.

2001లో ఈ రాష్ట్రం అందరికీ అడ్రసులు ఇచ్చే పని చేపట్టింది. ఫోన్ కంపెనీతో కుదిరిన ఒప్పందం కింద 1.5 కోట్ల డాలర్లు వచ్చాయి. వేల రోడ్లకు పేర్లు కావాలి. జనాన్నే అడిగారు. ఇక్కడి లోయల్ని "హాలో" అంటారు, ఊరివాళ్ల నోట "హాలర్" అవుతుంది. వాగు "రన్", దాని పాయ "ఫోర్క్". రోడ్లు వాగుల వెంబడే పోతాయి కాబట్టి చాలా పేర్లు వాగులవే. చిక్కల్లా ఏమిటంటే ప్రతి కొండ వెనకా ఎల్క్ అనో లారెల్ అనో పేరున్న వాగు ఉంటుంది. పక్క లోయలో అదే పేరుంటే అంబులెన్స్ అటు పోతుంది. అందుకే రెండోసారి వచ్చిన పేరు మార్చుకోమన్నారు. తాతల నాటి పేరు వదులుకోమంటే ఎవరికైనా బాధే. మీకిచ్చిన నియమాల్లో "మరెక్కడా ఉండకూడదు" అన్నది అందుకే అంత గట్టిగా రాస్తారు.

నంబర్ల సంగతి కూడా చెబుతాను, ఇది అందమైన పద్ధతి. చాలా కౌంటీల్లో మైలును 1000 భాగాలు చేసి, 5.28 అడుగులకొక నంబరు లెక్కగడతారు. ఒక పక్క సరిసంఖ్యలు, రెండో పక్క బేసి. 1250 నంబరు ఇల్లంటే రోడ్డు మొదట్నుంచి మైలుంపావు. మధ్యలో రేపు ఎవరు ఇల్లు కట్టినా నంబరు సిద్ధంగానే ఉంటుంది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఆ పేరును మీరు మామూలుగా పలికేలా కాదు, గుండెనొప్పి వచ్చిన మనిషి పక్కన కూర్చుని ఫోన్లో అరిచేటప్పుడు ఎలా పలుకుతారో అలా పలికి చూడండి. అరిచేది మీరే కానక్కర్లేదు. మీ పక్కింటి పెద్దాయన కావచ్చు.

కరీంనగర్ నుంచి

డాక్టర్ గారు మంచిగ చెప్పిండ్రు. మా దిక్కు డొంక, పుంత అనరు. బాట అంటరు. పొలాల నడుమ పోయేది బండ్లబాట. సర్వే నక్షల గీత ఉన్నదైతే నక్షాబాట. ఎవరన్న దున్ని కలుపుకుంటే "అది నక్షాబాట, ఎట్ల కలుపుకుంటవ్" అని పంచాయతీ పెడ్తరు. మా ఊర్ల ఆ ఒక్క మాట వల్లనే బాట మిగిలింది.

టెక్సాస్ అన్నా, బాట అని పెట్టుమని అంటలేను, చెప్పుల కంపెనీ పేరైతది. నాకు ఒక్కటి చెప్పు. మీ దారి నీటిగుంట గట్టు మీదికెళ్లి పోతదన్నవు. ఆ గుంటను అక్కడి రైతులు ఏమంటరు?

టెక్సాస్ నుంచి

ట్యాంక్ అంటారు అన్నా. పశువులు నీళ్లు తాగడానికి వానకు కట్టుకున్న గుంట ఏదైనా ఇక్కడ ట్యాంకే. వేరే రాష్ట్రాలవాళ్లు దీన్ని పాండ్ అంటారు. గట్టును ట్యాంక్ డ్యామ్ అంటారు.

కరీంనగర్ నుంచి

అనుకున్న! మన చెర్వును ఇంగ్లీషు దొరలు ట్యాంక్ అనే రాసుకున్నరు. హుస్సేన్‌సాగర్ కట్ట ట్యాంక్‌బండ్ అయింది అట్లనే. ఇంగ్లీషోళ్లకు ఈ మాట మన దేశంలనే, గుజరాతీ మరాఠీ దిక్కుకెళ్లి దొరికిందని నిఘంటువులు చెప్తయి; పోర్చుగీసు మాట కూడ కలిసిందంటరు. ఇక్కడ ఏ మాటతోని చెర్వును పిలిచిండ్రో, అదే మాట టెక్సాస్ రైతు నోట్ల ఉన్నది. మీ పక్కింటి పెద్దమనిషికి ఈ ముచ్చట చెప్పు, సంబురపడ్తడు.

మరి చెర్వు గట్టును మనమేమంటం? కట్ట. మా ఊర్ల కట్ట మీదికెళ్లి పోయే తొవ్వను "కట్ట మీది బాట" అనే అంటం, కట్ట మీద మైసమ్మ ఉంటది. మీ దారి నిజంగ కట్ట మీదికెళ్లి పోతున్నది. ఉన్నదాని పేరే పెట్టినట్టైతది. కె, ఏ, టి, టి, ఏ. ఐదక్షరాలు.

శ్రీకాకుళం నుంచి

మా వైపు ఇళ్ల మధ్య ఇరుకు సందుని గోర్జి అంటాం. అది మీకు పనికిరాదులెండి, అమెరికావాళ్ల నోట జార్జి అయిపోతుంది. కట్ట నాకు నచ్చింది. "చెరువు" అనే పెట్టకూడదా మరి?

టెక్సాస్ నుంచి

డాక్టర్ గారు చెప్పినట్టే చేసి చూశాం. మా ఆవిడ, నేను తెలియనివాళ్లలా ఫోన్ చేసి ఒక్కసారే పేరు చెప్పి, పక్కింటివాళ్లనూ ఆఫీసువాళ్లనూ కొందరిని రాయమన్నాం. "చెరువు" దగ్గర అందరూ ఆగిపోయారు. మొదటి అక్షరం "ఎస్" అని కొందరు రాశారు, చివర "ఊ" ఎలా రాయాలో ఎవరికీ తేలలేదు. డొంకను మాత్రం సరిగ్గానే రాశారు, కానీ రాస్తూ నవ్వారు. అది చాలు నాకు, పిల్లల విషయంలో తెనాలి మాస్టారి మాటే నిజం. "కట్ట"ను ఎక్కువమంది "కాటా" అని పలికి, కె పెట్టి రాశారు. ఒకరు సి పెట్టారు. కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి అడిగితే దగ్గరగా వినిపించే పేరు వాళ్ల జాబితాలో లేదన్నారు.

పక్కింటి పెద్దాయనకు ట్యాంక్ మాట సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాత నన్ను గట్టు మీదికి తీసుకెళ్లి, వాళ్ల నాన్న ఎక్కడి నుంచి మట్టి తోలి దాన్ని కట్టారో చూపించారు. ఆ గుంత ఇంకా అలాగే ఉంది. కంచె పక్కన లోతుగా, గడ్డి మొలిచి. ఇన్నాళ్లూ ఆ దారిని వాళ్లింట్లో ఏమనేవారని అడిగాను. "డ్యామ్ మీద రోడ్డు" అనేవారట, అంతకుమించి పేరే లేదట. కట్ట మీది బాట అన్నమాట. ఇంక నాకు వేరే ఆలోచన లేదు.

తెనాలి నుంచి

బాగుంది బాబూ. కానీ ఆ ముళ్లచెట్లను వదిలేయకండి. ఫారంలో మూడు పేర్లన్నారుగా, రెండోది వాటిదే రాయండి. బోడార్క్ పేరు ఆ కౌంటీలో ఇదివరకే ఉంటే కొట్టేస్తారు, కొట్టేయనివ్వండి. మన తర్వాత ఫారం చూసినవాళ్లకు ఆ దారి ఎలా ఉండేదో తెలుస్తుంది.

ఇంకొక మాట ఈ గుంపులో అందరికీ. మా ఊళ్లో డొంకలన్నిటికీ సిమెంటు రోడ్లు పడ్డాయి. ఏ పథకం కింద వేశారో, ఎవరు ప్రారంభించారో పలకం మీద ఉంటుంది. దారి పేరు ఉండదు. మామిడితోపు డొంక, చాకిరేవు డొంక, శ్మశానం డొంక అని నలభై దాటినవాళ్లే ఇంకా అంటున్నారు. పంచాయతీవాళ్లు ఒక్క పూట గ్రామసభలో అడిగితే అన్నీ రాసుకోవచ్చు. వచ్చే సభలో నేనే లేచి అడుగుతాను. మీ మీ ఊళ్లలో మీరూ అడగండి.

టెక్సాస్ నుంచి

రాశాం మాస్టారూ. మొదటిది కట్ట లేన్, రెండోది బోడార్క్ రో, మూడోది ఓల్డ్ ట్యాంక్ లేన్. పెద్దాయన సంతకం చేశారు, మేమూ చేశాం. వాళ్లమ్మాయి శనివారం ఊరి నుంచి రాగానే ఆవిడ సంతకం తీసుకుని సోమవారం కౌంటీ ఆఫీసులో ఇచ్చేస్తాను. ఏది ఖాయమైతే అది ఇక్కడే రాస్తాను.