పాత అలారం: బాక్సు పీకితే చాలా, వైరింగంతా విప్పాలా?

కిక్‌రాడ్:
హీరో హోండా స్ప్లెండర్ ప్లస్, కిక్ మోడల్. ముందు ఓనరు బయట రిమోట్ అలారం పెట్టించాడు. రిమోట్ ఎప్పుడో పోయింది. పది రోజులు బండి తీయకపోతే బ్యాటరీ డౌన్, హారన్ మూలుగుతోంది. లెఫ్ట్ ఇండికేటర్ వేస్తే రెండు వైపులా వెలుగుతున్నాయి. మెకానిక్ 500 అడుగుతున్నాడు. అలారం బాక్సు కప్లర్ (వైర్లు కలిసే సాకెట్) పీకేస్తే సరిపోదా?

టేపుచుట్ట:
బ్రహ్మాండంగా సరిపోతుంది. పీకు, టేపు చుట్టు. పది నిమిషాల పనికి 500 ఏంటి?

మల్టీమీటర్_మామ:
తొందరపడకు తమ్ముడూ. ఆ బండిది ఏసీ సీడీఐ (ప్లగ్గుకి స్పార్క్ పంపే యూనిట్). స్పార్క్‌కి కరెంటు మ్యాగ్నెటో కాయిల్ నుంచి వస్తుంది, బ్యాటరీతో పనిలేదు. నలుపు మీద తెలుపు గీత ఉన్న వైరు ఎర్త్ అయితే ఇంజన్ ఆగుతుంది. కీ ఆఫ్ చేస్తే జరిగేది అదే, అలారం చేసేదీ అదే. సీడీఐ కప్లర్ దగ్గర టేపు విప్పి చూడు. ఆ వైరుకి ఒక కొమ్మ (అలారం బాక్సుకి పోయే పక్క వైరు) మాత్రమే అతికించి ఉంటే కొమ్మ తీసేసి, గీరిన చోట స్లీవ్ వేస్తే అయిపోయింది. వైరునే కోసి రెండు ముక్కలూ బాక్సులోకి తిప్పి ఉంటే మాత్రం వాటిని కలపాలి. కలపకపోతే కీ తీసేసినా ఇంజన్ ఆగదు. సీడీఐ వైపు ముక్క ఛాసిస్‌కి తగిలిందా, ఎంత కిక్ కొట్టినా ప్లగ్గులో కరెంటు ఉండదు. ఇంజన్ తిరుగుతుండగా ఆ వైరు ముట్టుకోవద్దు, గట్టిగా కొడుతుంది.

రెడ్‌లైన్:
డీసీ సీడీఐ (స్పార్క్‌కి కరెంటు బ్యాటరీ నుంచి తీసుకునే) బళ్లలో కథ తిరగబడుతుంది. అక్కడ ఇగ్నిషన్ ఫీడ్ వైరు కోసి బాక్సు రిలే గుండా పంపుతారు. కప్లర్ పీకితే బండి అక్కడే డెడ్. ఇది చదివి పల్సర్ వాళ్లు పీకేయకండి.

టేపుచుట్ట:
అతను అడిగింది స్ప్లెండర్ గురించి. మామ పాఠం మొదలెట్టాడు. పీకాక స్టార్ట్ అయితే వాడుకోవడమే కదా?

మల్టీమీటర్_మామ:
స్టార్ట్ అవడం ఒక్కటే కాదు. బ్యాటరీ 2.5 ఆంపియర్ అవర్. బాక్సు 10 మిల్లీ ఆంపియర్లు లాగినా 250 గంటలు, అంటే పది రోజులకు ఖాళీ. నువ్వు చెప్పిన లెక్క అదే. బ్యాటరీ నెగటివ్ తీసి మధ్యలో మీటర్ పెట్టు. ముందు 10 ఆంపియర్ సాకెట్, తర్వాతే మిల్లీ. మిల్లీలో ఉండగా హారన్ నొక్కితే మీటర్ ఫ్యూజు పోతుంది. రీడింగ్ చూస్తూ కప్లర్ పీకు. దాదాపు సున్నాకి పడితే దొంగ బాక్సే. కానీ ఎర్ర వైరుని ఫ్యూజు లేకుండా నేరుగా బ్యాటరీకి తగిలించి ఉంటారు. దాన్ని వేలాడేసి వదిలితే రాపిడికి తోలు ఊడి, ఛాసిస్‌కి తగిలి కాలుతుంది.

ఇండికేటర్లదీ అంతే. నారింజ ఎడమ, లేత నీలం కుడి. కప్లర్ తీయగానే సరైతే బాక్సు లోపల షార్ట్. సరికాకపోతే ఎవరో రెండు కొమ్మలూ ఒకే టేపులో చుట్టారు.

గీతక్క:
సైరన్‌లో సొంత బ్యాటరీ ఉండే రకం ఉంటుంది, మెయిన్ తీయగానే ఊరంతా లేస్తుంది. సైరన్ వెనక తాళం రంధ్రం ఉందేమో ముందు చూడండి.

రెడ్‌లైన్:
కోసిన వైరు కలపడానికి క్రింప్ (వైరు మీద నొక్కి బిగించే లోహపు పిన్ను) వాడండి. సోల్డర్ వద్దు. సీసం తీగల్లోకి పాకి గట్టిపడుతుంది, అది ఆగిన అంచు దగ్గర వైబ్రేషన్‌కి తెగుతుంది.

మల్టీమీటర్_మామ:
రెండు రూపాయల పిన్ను ప్లయర్‌తో నొక్కితే అదీ ఊడుతుంది. సోల్డర్ చేసి, ష్రింక్ స్లీవ్ వేసి, జాయింట్‌కి రెండు వైపులా హార్నెస్‌కి (వైర్ల కట్టకి) కట్టేస్తే వంగదు, తెగదు. హ్యాండిల్ తిరిగే చోట మాత్రం ఏ జాయింటూ పెట్టకూడదు.

రెడ్‌లైన్:
ప్లయర్‌తో ఎవరు నొక్కమన్నారు? క్రింపింగ్ టూల్ అని ఒకటుంది.

టేపుచుట్ట:
ఇదంతా 500 వసూలుకి ముందుమాట. ఒక షాపులో వైరింగ్ మార్చాలని 2,000 లాగారు, తీరా చూస్తే ఫ్యూజు హోల్డర్‌కి తుప్పు. మీ మెకానిక్‌లంతా ఒకటే.

మల్టీమీటర్_మామ:
అవును, మెకానిక్‌నే. టేపు కింద జాయింట్ ఎవడిదో వాన రోజు ఎవరూ అడగరు. బండి ఆగితే చివర చెయ్యి పెట్టినవాడిదే తప్పు. అందుకే సగం విప్పి ఇవ్వను. చేస్తే మొత్తం, లేకపోతే బండి తీసుకెళ్లండి.

టేపుచుట్ట:
అది చెప్పండి మరి! గొడవ అలారంతో కాదు, మీ పేరు పోతుందనే భయంతో. దాని ఖర్చు బండివాడు ఎందుకు భరించాలి? ఎన్ని జాయింట్లు ఉన్నాయో విప్పి చూపించి రేటు చెప్పండి, ఎవరూ కాదనరు.

మల్టీమీటర్_మామ:
విప్పి చూపించడమే సగం పని. చూసి, ఫోటో తీసుకుని, పది నిమిషాల పనే కదా అని ఇంటికెళ్లి టేపు చుట్టేవాళ్లను రోజూ చూస్తున్నా. విప్పినందుకు 150 ముందు ఇవ్వమనండి, చూపిస్తా.

గీతక్క:
150 న్యాయమే.

టేపుచుట్ట:
100.

కిక్‌రాడ్:
విప్పాను. నలుపు-తెలుపు వైరు కోయలేదు, కొమ్మే. నారింజ, నీలం మీద వైరుని కొరికి పట్టుకునే ప్లాస్టిక్ క్లిప్పులు ఉన్నాయి. తీస్తే లోపల పచ్చగా చిలుము పట్టి, నీలంలో రెండు మూడు తీగలే మిగిలాయి.

మల్టీమీటర్_మామ:
ఆ ముక్క కోసేయ్. రాగి మెరిసేదాకా వెనక్కి వెళ్లు. పొడవు చాలకపోతే అదే మందం వైరు ముక్క కలిపి సోల్డర్ చెయ్.

రెడ్‌లైన్:
క్రింప్.