గొండోలిన్ నాశనం ఎవరి తప్పు?

ఏటిగట్టు: టోల్కీన్ కల్పించిన లోకంలో గొండోలిన్ సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. చుట్టూ కొండలు, మధ్యలో ఎవరి కంటా పడని తెల్లటి నగరం. నీళ్ల దేవుడు ఉల్మో చోటు చూపిస్తే టుర్గాన్ రాజు 52 ఏళ్లు గుట్టుగా కట్టించాడు. చాలా ఏళ్లకు అదే ఉల్మో, టువోర్ అనే మనిషితో ‘ఊరు వదిలి సిరియన్ నది వెంట సముద్రం వైపు పొండి’ అని కబురు పెట్టాడు. రాజు కదల్లేదు. మేనల్లుడు మేగ్లిన్ శత్రువు మోర్గోత్‌కి చిక్కి గుట్టు చెప్పేశాడు. పండగ రోజున ఊరు తగలబడింది. తప్పు రాజుదే అంటాను.

కొబ్బరిమట్ట: మేగ్లిన్‌ది. ఇందులో చర్చేముంది?

లంకబ్బాయి: రాజుది తప్పెలా అవుతుందండీ? ఉల్మో పంపింది సలహా. ఆజ్ఞ కాదు.

ఏటిగట్టు: హెచ్చరిక. ధవళేశ్వరంలో గోదావరి 11.75 అడుగులకు వస్తే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు చూడండి, అలాంటిది. ‘చేత్తో కట్టినదాని మీద మరీ మమకారం పెంచుకోకు’ అని రాజు ఆ నగరానికి కాపురం వెళ్లకముందే ఉల్మో చెప్పాడు. తరవాత వచ్చిన టువోర్ కూడా దారిన పోయేవాడేం కాదు. ఉల్మో మాట మీద టుర్గాన్ పాత ఊళ్లో వదిలేసిన కవచమే తొడుక్కుని వచ్చాడు. ఇంకేం గుర్తు కావాలి? రాజుగారు ఏం చేశారూ, ఉన్న రహస్య ద్వారం కూడా పూడ్పించేశారు!

లంకబ్బాయి: ఇంత రాశారు, నేనడిగిందానికి జవాబు లేదు. సలహానా, ఆజ్ఞా?

పూతరేకు: మేగ్లిన్ చిక్కకముందే హూరిన్ అనే యోధుడు ఆ కొండల కింద నిలబడి కేక పెడితే మోర్గోత్ వేగులకు ఆ చుట్టుపక్కలే అని తెలిసిపోయింది. మేగ్లిన్ చెప్పింది మిగతా సగమే.

కొబ్బరిమట్ట: అయినా మేగ్లిన్‌దే.

లంకబ్బాయి: ఆజ్ఞ కానప్పుడు వినకపోవడం నేరం కాదు. అంతే.

ఏటిగట్టు: ఈ ఎటకారం ఆపండి. ఇలాంటి మొండితనం మా ఇంట్లో చూశాను. 1986 ఆగస్టు వరద, భద్రాచలంలో 75.6 అడుగులు. ఏటి మధ్య లంకలో మా తాతయ్య గేదెల్ని వదిలి రానన్నాడు. మా నాన్న ఆయన్ని భుజాన వేసుకుని పడవెక్కించాడు. గేదెలు పోయాయి. పోయేదాకా తాతయ్య మా నాన్నతో మాట్లాడలేదు. బతికించినందుకు! టుర్గాన్ పేరు వింటే నాకు ఆ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషే గుర్తొస్తాడు.

పూతరేకు: అయ్యో.

లంకబ్బాయి: ఇప్పుడొచ్చారు దారికి. మీది గట్టు ఇవతల, వరద రాని వైపు ఇల్లు కదండీ. 2022 జూలై వరదలో ఖాళీ చెయ్యమంటే మేం ఆ మాట విని వెళ్లినవాళ్లమే. వారం రోజులు బడిలో పడుకున్నాం. తిరిగొచ్చేసరికి మోటారు లేదు, గ్యాస్ బండ లేదు. అవి ఏరు పట్టుకెళ్లలేదు, మనిషే పట్టుకెళ్లాడు. మూడెకరాల కొబ్బరితోటలో ఎకరం కోతకు పోయింది. మిగిలింది అమ్ముదామంటే, ఏరు తినేస్తున్న భూమి కొనేవాడెవడు? అందరూ ‘వదిలేసి రండి’ అనేవాళ్లే. సముద్రం వైపు పొమ్మన్న దేవుడు అక్కడ ఇల్లెవరిస్తారో చెప్పాడా?

పూతరేకు: బతికినవాళ్లు చేరింది సిరియన్ ఏటిమొగకే. అక్కడా నిలవనివ్వలేదు, మళ్లీ దాడి.

లంకబ్బాయి: చూశారా!

కొబ్బరిమట్ట: ఆయ్, రాజుగారి కూతురు ఇడ్రిల్‌ని ఒక్కరూ తలవరేంటండీ? ముందే రహస్యంగా సొరంగం తవ్వించింది. బయటపడ్డవాళ్లు దాంట్లోంచే పడ్డారు.

ఏటిగట్టు: లంకబ్బాయి గారూ, మీది ఏ పాయ మీద?

లంకబ్బాయి: వైనతేయ.

ఏటిగట్టు: ఇంట్లో పడవుందా?

లంకబ్బాయి: ఉందండి. పోయినేడు మా ఆవిడ కొనిపించింది. అదీ సలహాయే, ఆజ్ఞ కాదు.