థయోపెంటాల్ ఒంట్లో ఉండగానే రోగి ఎలా మేలుకుంటాడు?

ప్రశ్న: ఫార్మసీ విద్యార్థిని

నమస్కారం. థయోపెంటాల్ అనే మత్తుమందును ఒక్క మోతాదు సిరలోకి ఎక్కిస్తే అర నిమిషానికే స్పృహ తప్పుతుందనీ, అయిదు నుంచి పది నిమిషాల్లో రోగి మేలుకుంటాడనీ మా పాఠంలో ఉంది. ఆ పక్కనే దాని అర్ధాయువు (ఒంట్లోని మందు సగానికి తగ్గడానికి పట్టే కాలం) సుమారు 11 గంటలని కూడా రాశారు. అంటే రోగి కళ్లు తెరిచే వేళకు కాలేయం విచ్ఛిన్నం చేసినది కొద్దిపాటే అయి ఉండాలి. మరి మెదడును వదిలిన మందు ఎక్కడికి చేరుతోంది? కొవ్వులోకని కొందరు, కండరాల్లోకని కొందరు అంటున్నారు. మత్తు వాయువుల విషయంలోనూ ఇలాగే జరుగుతుందా?

జవాబు: మత్తు వైద్యుడు

మీ అనుమానం సరైనదే. ఆ మేలుకోవడంలో కాలేయం పాత్ర తక్కువ. మెదడు, గుండె, కాలేయం, మూత్రపిండాల వంటి అవయవాలు శరీర బరువులో పదోవంతే అయినా, గుండె పంపే రక్తంలో దాదాపు 75 శాతం వాటికే వెళుతుంది. బరువులో సగం ఉండే కండరాలకూ చర్మానికీ అందేది అయిదో వంతు, కొవ్వుకు అందేది అయిదారు శాతం మాత్రమే. అందువల్ల కొవ్వులో తేలికగా కరిగే థయోపెంటాల్ మొదట మెదడును నింపుతుంది. ఆ తరువాత రక్తంలోని మందును కండరాలు లాగేసుకుంటున్న కొద్దీ మెదడులోని మందు తిరిగి రక్తంలోకి వచ్చి అటువైపు తరలిపోతుంది.

కొవ్వే కారణమన్న అభిప్రాయం ఔషధశాస్త్రవేత్త బెర్నార్డ్ బ్రోడీ బృందం 1950ల తొలినాళ్లలో చేసిన పరిశోధనల నుంచి బలపడింది. కొవ్వులో మందు బాగా పేరుకుంటుందన్న వారి పరిశీలన నిజమే. అయితే ఏ కణజాలానికి ఎంత రక్తం అందుతుందో లెక్కగట్టిన మత్తు వైద్యుడు హెన్రీ ప్రైస్, అంత తక్కువ రక్తంతో కొవ్వు పది నిమిషాల్లో ఆ పని చేయలేదని 1960లో చూపాడు. కొవ్వు నిండడానికి గంటలు పడుతుంది. ఎక్కడ ఎక్కువ పడుతుందన్న దానికన్నా ఎక్కడికి ముందు చేరుతుందన్నదే ఇక్కడ ముఖ్యమని నా అభిప్రాయం.

జవాబు: శరీరధర్మశాస్త్ర అధ్యాపకురాలు

వాయువుల సంగతి నేను చెబుతాను, ఎందుకంటే విద్యార్థులు ఎక్కువగా తికమకపడేది అక్కడే. రక్తంలో బాగా కరిగే వాయువు త్వరగా మత్తు ఇస్తుందని అనుకోవడం సహజం, కానీ జరిగేది దానికి విరుద్ధం. వాయువు రక్తంలో ఎంతగా కరుగుతుందో చెప్పే రక్తం–వాయువు విభజన గుణకం నైట్రస్ ఆక్సైడుకు 0.47, సెవోఫ్లూరేనుకు 0.65, హాలోథేనుకు సుమారు 2.4, ఈథరుకు సుమారు 12. మెదడు స్పందించేది వాయువు పాక్షిక పీడనానికే (మిశ్రమంలో ఆ ఒక్క వాయువు కలిగించే పీడనానికే) గానీ రక్తంలో కరిగిన మొత్తానికి కాదు. ఒకే ధారతో నింపితే సన్నని చెంబులో నీటిమట్టం చకచకా పెరుగుతుంది, గంగాళంలో నెమ్మదిగా పెరుగుతుంది. ఈథరుకు రక్తం గంగాళం లాంటిది. ఊపిరితిత్తుల వాయుగోణుల్లోకి వచ్చిన ఈథరును రక్తం ఎప్పటికప్పుడు మోసుకుపోతుంటే అక్కడి పీడనం, దాన్ని అనుసరించే మెదడులోని పీడనం ఆలస్యంగా పెరుగుతాయి. మేలుకోవడం కూడా అంతే ఆలస్యం.

కేశనాళిక గోడ దాటడం ఈ వాయువులకు పెద్ద అడ్డంకి కాదు. వ్యాపనానికి పట్టే కాలం దూరపు వర్గంతో పెరుగుతుంది కనుక, మైక్రోమీటర్ల దూరంలో అది క్షణాల్లో ముగుస్తుంది. అయితే అన్ని మందులూ ఇలా దాటలేవు. ఉదాహరణకు, ఒకే తరహాకు చెందిన రెండు మందుల్లో అట్రోపిన్ మెదడులోకి ప్రవేశిస్తుంది. విద్యుదావేశం గల గ్లైకోపైరోలేట్ రక్తం నుంచి మెదడులోకి పదార్థాలను వడగట్టే రక్తం–మెదడు అవరోధం దగ్గర దాదాపుగా ఆగిపోతుంది. అటువంటి మందులకు రక్తప్రసరణ లెక్క ఒక్కటే చాలదు.

ఫార్మసీ విద్యార్థిని

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే స్థూలకాయులు ఒక్క మోతాదు తరువాత కూడా ఆలస్యంగా మేలుకోవాలా?

మత్తు వైద్యుడు

ఒక్క మోతాదుతో ఆ తేడా పెద్దగా కనిపించదు, ఎందుకంటే తొలి పది నిమిషాల్లో కొవ్వుకు చేరేది స్వల్పం. థయోపెంటాల్‌ను మళ్లీమళ్లీ ఇచ్చినా, గంటల తరబడి ధారగా ఎక్కించినా పరిస్థితి మారుతుంది. కండరాలు నిండిపోయి, కొవ్వులోనూ మందు పేరుకున్నాక, మెదడును వదిలిన మందుకు వెళ్లే చోటు తగ్గిపోతుంది. అప్పుడు రోగి మేలుకోవడం నిదానంగా పనిచేసే కాలేయం మీదే ఆధారపడుతుంది. మీరు చదివిన 11 గంటల అర్ధాయువుకు అసలు ప్రాధాన్యం వచ్చేది అప్పుడే. ఎక్కువసేపు సాగే శస్త్రచికిత్సల్లో థయోపెంటాల్ ధారను మేము వాడకపోవడానికి కారణం కూడా ఇదే.