చారిత్రక యుద్ధ ట్యాంకును నడిపి చూపించడం సబబేనా? బోవింగ్టన్ టైగర్‌పై చర్చ

చర్చ ప్రారంభించినవారు:
ఇంగ్లండ్ యాత్రకు వెళ్ళే మనవాళ్ళలో డోర్సెట్ వరకు వెళ్ళేవారు తక్కువ. వూల్ స్టేషన్‌కు దగ్గరలోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియం కోసం నేను వెళ్దామనుకుంటున్నాను. 1915 నాటి తొలి నమూనా ట్యాంకు లిటిల్ విల్లీ మొదలుకొని దాదాపు 300 వాహనాలు అక్కడ ఉన్నాయి. వాటిలో టైగర్ 131 అనే జర్మన్ ట్యాంకు, ప్రపంచంలో నడిచే స్థితిలో మిగిలిన ఒకే ఒక్క టైగర్-1. దాన్ని ఏడాదిలో కొన్ని ప్రత్యేక దినాల్లోనే మైదానంలో నడుపుతారు. ఆ రోజు చూసుకుని వెళ్ళాలా, మామూలు రోజున వెళ్ళి నింపాదిగా చూడాలా అన్నది నా సందేహం. ఇంత అరుదైన యంత్రాన్ని అసలు నడపడమే తప్పని ఒక మిత్రుడు గట్టిగా వాదిస్తున్నారు. మీ అభిప్రాయాలు తెలపగలరు.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
తప్పకుండా నడిపే రోజునే వెళ్ళండి. 57 టన్నుల బరువున్న ఆ ట్యాంకును డ్రైవరు మీటలతో కాకుండా, కారును తిప్పినట్టు స్టీరింగ్ చక్రంతో తిప్పుతాడని చదివితే మనసుకు ఎక్కదు. అది మైదానంలో మలుపు తిరుగుతుంటే చూసినవారికి వివరణ అవసరం లేదు. 1990లో మొదలుపెట్టి 2003లో దాన్ని మళ్ళీ నడిచేలా చేయగలిగారంటే, ఆ గేర్‌బాక్సు ఎలా పనిచేస్తుందో, ఏ భాగం ఎక్కడ వేడెక్కుతుందో తెలిసిన పనివాళ్ళు తయారయ్యారన్నమాట. యంత్రాన్ని మూలన నిలబెట్టేస్తే ఆ పనితనం వారితోనే పోతుంది.

విశాఖపట్నం సభ్యురాలు:
పనితనం గురించి మీరు చెప్పింది నిజమేనండీ, కానీ దాని ఖరీదు మీరు చెప్పలేదు. టైగర్ 131లో ఇప్పుడు తిరుగుతున్నది దాని సొంత ఇంజిన్ కాదు. అదే మ్యూజియంలోని టైగర్-2 నుంచి తీసిన మేబాక్ హెచ్‌ఎల్ 230 ఇంజిన్‌ను అందులో అమర్చారు. అంటే ఒక చారిత్రక ట్యాంకు కదలడానికి మరొక చారిత్రక ట్యాంకు గుండెను ఖాళీ చేశారు. నడిపిన ప్రతిసారీ ఎంతో కొంత లోహం అరుగుతుంది, అరిగిన చోట కొత్త భాగం వస్తుంది, పాతది తిరిగి రాదు.

మా ఊరి బీచ్ రోడ్డులో 2002 నుంచి మ్యూజియంగా ఉన్న కురుసుర జలాంతర్గామి అంగుళం కూడా కదలదు. అయినా గుండ్రటి ఇరుకు ద్వారాల గుండా తల వంచి, కాలు ఎత్తి ఒక్కో గదిలోకి దూరుతుంటే, అటూ ఇటూ పైపులు, కవాటాలు, వాటి మధ్యనే మనిషి పడుకునే పడక కనిపిస్తుంటే, నావికుల బతుకు ఎంత కష్టమైనదో ఒంటికి తెలుస్తుంది. టైగర్ 131 దగ్గర కూడా నేను చూడాలనుకునేది దాని పరుగు కాదు. 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో బ్రిటిష్ చర్చిల్ ట్యాంకు పేల్చిన గుండు ఫిరంగి గొట్టం అడుగున తగిలి, టరెట్ (ఫిరంగి అమర్చిన పైభాగం) తిరిగే చోట ఇరుక్కుని, దాన్ని కదలకుండా చేసింది. లోపలి సిబ్బంది ట్యాంకును వదిలి పారిపోయారు. ఆ దెబ్బల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. దగ్గరగా నిలబడితేనే అవి కనిపిస్తాయి, మైదానం అంచు నుంచి కాదు.

సికింద్రాబాద్ విశ్రాంత సైనికుడు:
నా అభ్యంతరం ఇంకొకటి. టైగర్ మైదానంలోకి రాగానే జనం చప్పట్లు కొడితే ఆ చప్పట్లు ఎవరికి? అది నాజీ సైన్యం వాడిన ఆయుధం. అదే ట్యునీషియా పోరులో మన 4వ భారత డివిజన్ జవాన్లు ప్రాణాలొడ్డి పోరాడారు. నడపండి, కానీ దాన్ని ఆపిన చర్చిల్ ట్యాంకు కథను కూడా అంతే గట్టిగా మైకులో చెప్పండి.

బర్మింగ్‌హామ్ సభ్యుడు:
మీ మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను సార్. విశాఖ సభ్యురాలికి మాత్రం ఒక సంగతి గుర్తు చేయాలి. టైగర్ 131 అసలు ఇంజిన్ హెచ్‌ఎల్ 210 నడపడం వల్ల పాడైపోలేదు. లోపలి అమరిక జనానికి కనిపించాలని, ప్రదర్శన కోసమే దాన్ని కోశారు. కాబట్టి కదపకుండా ఉంచినంత మాత్రాన వస్తువు క్షేమంగా ఉంటుందని అనుకోలేం.

విశాఖపట్నం సభ్యురాలు:
ఆ కోత కూడా తప్పే, కానీ మొదటి తప్పు రెండో తప్పుకు అనుమతిపత్రం కాదు. ఇప్పుడున్న ఇంజిన్ దిమ్మె పగిలిన రోజున ఏం చేస్తారన్నది నా ప్రశ్న. మరో మ్యూజియంలో నిలబడి ఉన్న ట్యాంకు నుంచి ఇంకొకటి తీస్తారా? ఆ రోజుతో టైగర్ 131ను నడపడం ఆపేస్తామని మ్యూజియం ఇప్పుడే రాసి పెట్టుకుంటే, దాన్ని ఏడాదికి రెండుసార్లు నడిపినా నేను అభ్యంతరం చెప్పను. ఆ హామీ లేనంతవరకు, చర్చ ప్రారంభించినవారికి నా సలహా మామూలు రోజున వెళ్ళమనే.