అప్‌డేట్: డ్రెస్డెన్ ఫైల్స్ మానేయలేదు, ఏడో పుస్తకం దాకా వచ్చాను

జిమ్ బుచర్ రాసిన డ్రెస్డెన్ ఫైల్స్‌లో మొదటి రెండు నవలలు చదివి, నీరసం వచ్చి, ఇక మానేయనా అని అడిగింది నేనే. మూడోది కూడా చదివి అప్పుడు నిర్ణయించుకోమన్నారు మీలో చాలామంది. మీ మాట విన్నాను.

నిన్న రాత్రి ఏడోది, 2005లో వచ్చిన ‘డెడ్ బీట్’, పూర్తయింది. (కథ ముందే తెలియకూడదనుకునేవారు ఇక్కడే ఆగండి.) శవం ఎంత పాతదైతే లేపినప్పుడు దానికి అంత బలం. మనుషుల శవాలను లేపడం మాత్రం మాంత్రికుల చట్టానికి విరుద్ధం. ఈ రెండు ముక్కలూ రచయిత ముందే చెవిన వేశాడు, నేను పట్టించుకుంటేనా! చివర్లో కథానాయకుడైన మాంత్రికుడు హ్యారీ షికాగో ఫీల్డ్ మ్యూజియంలోని టైరనోసారస్ అస్థిపంజరం ‘సూ’ను లేపి, దాని మీదెక్కి వీధుల్లోకి వచ్చేశాడు! వెనక బటర్స్, అదే ఆ శవపరీక్షల డాక్టరు, వణుకుతూనే డోలు వాయిస్తుంటాడు. ఆ దరువు ఆగిందా, జంతువు అదుపు తప్పినట్టే. అంత పిరికివాడి చేతిలో అంత పని పెట్టడం నాకు డైనోసార్ కన్నా ఎక్కువ నచ్చింది.

మొదటి రెండింటి మీద నా అభిప్రాయం మారలేదు లెండి. ఎనిమిదోది పొద్దున్నే మొదలుపెట్టాను.