న్యూజిలాండ్ కొండవాగులో ట్రౌట్ చేప: సలహా కావాలి

ప్రశ్న (అమలాపురం):
చిన్ననాటి నుంచి కాలువ గట్టున వానపాము గుచ్చిన గాలంతో జెల్లలు పట్టిన అనుభవం నాకుంది. జనవరిలో మా అమ్మాయి దగ్గరకు న్యూజిలాండ్ దక్షిణ దీవికి వెళుతున్నాను. అక్కడ ఫ్లై ఫిషింగ్ పద్ధతిలో, అంటే ఈగలా కనిపించే కృత్రిమ ఎరతో, ట్రౌట్ పట్టాలని ఎంతో ఆశగా ఉంది. బరువే లేని ఆ కృత్రిమ ఈగ అంత దూరం ఎలా వెళుతుంది? ఇక్కడి నుంచి ఏమి తీసుకువెళ్ళాలి?

జవాబు (రాజోలు):
మన గాలంలో ఎర బరువే తాడును లాక్కుపోతుంది. అక్కడ బరువంతా తాడుదే కనుక, కర్రను వెనక్కి ఊపి, తాడు వెనుక పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడే ముందుకు ఊపాలి. ఆ ఆగడమే నాకు అన్నిటికన్నా కష్టమనిపించింది. వాగులో ట్రౌట్ ప్రవాహానికి ఎదురుముఖంగా, కొట్టుకువచ్చే పురుగుల కోసం ఒకేచోట నిలిచి ఉంటుంది; మన పులసలా ఎదురీదుతూ సాగిపోదు. కాబట్టి దిగువ నుంచి, అంటే దాని వెనుక నుంచి, నెమ్మదిగా సమీపించి, ఈగను చేపకు కాస్త ఎగువన వాల్చి, నీటి వేగంతోనే రానివ్వాలి. తాడు ఈగను లాగినట్టు కనిపిస్తే చేప సాధారణంగా ముట్టదు.

జవాబు (భీమవరం):
ముందుగా లైసెన్సు తీసుకోండి. ఫెల్టు (ఉన్నిలాంటి మందపాటి గుడ్డ) అడుగున్న బూట్లు అక్కడ నిషేధం, ఎందుకంటే 2004లో బయటపడిన డిడిమో అనే నాచు తడి ఫెల్టులో ఒక వాగు నుంచి మరో వాగుకు చేరగలదు. ఇక్కడి చెరువుల్లో వాడిన సామగ్రిని దయచేసి తీసుకువెళ్ళకండి. అక్కడ ట్రౌట్‌ను అమ్మడం కూడా చట్టవిరుద్ధం. చేపల వ్యాపారంతో బతికే మన ప్రాంతం వారికి ఇది వింతగానే తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. రేపటి నుంచి కొబ్బరితోటలో, చెట్ల వరుసల మధ్య ఖాళీలో, తాడు విసరడం సాధన చేస్తాను.